ఆడవాళ్ళ వైపు ఫోల్డర్

నిన్నమొన్నటిదాకా మా ఇంట్లో బీరువా తాళం నా నడుముకే వేలాడుతుండేది. లోపల నగలేవో ఉన్నాయని కాదు. పాత దుపట్టాలో చుట్టిన నాలుగు హార్డ్ డిస్కులు ఉండేవి. నరసరావుపేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ జరిగిన మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు తీసిన ఫొటోలన్నీ వాటిలోనే ఉండేవి.

మా పెళ్ళిళ్ళలో హాలు మధ్యలో పరదా కడతారు. అవతల మగవాళ్ళ వైపు ఫొటోలు మా ఆయన, మా మరిది తీస్తారు. ఇవతల నేను తీస్తాను. ఇవతల తీసిన ఫొటో పరాయి మగవాడి కంట పడకూడదని కట్టడి. అందుకని తీసేదీ నేనే, కంప్యూటర్లో సరిచేసేదీ నేనే, చిన్న మిషన్ మీద ప్రింటు తీసి ఆల్బంలో అతికించేదీ నేనే. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా భుజం మీదుగా తెర వైపు చూడలేదు. గదిలోకి రావాలంటే గుమ్మం దగ్గర దగ్గుతాడు. ఈ పనిలో కెమెరా ఎంత మంచిదని ఎవరూ అడగరు. ఈమె మాట మీద నిలబడుతుందా అని మాత్రం నాలుగిళ్ళలో వాకబు చేసి మరీ పిలుస్తారు.

అలాంటి డిస్కుల్లో ఒకటి ఒకరోజు టిక్కు టిక్కుమని రెండు నిమిషాలు కొట్టుకుని ఆగిపోయింది. మాచర్ల పెళ్ళి ఒకటి అందులోనే ఉంది, ఇంకా ఆల్బం కూడా వేయలేదు. గుంటూరు తీసుకెళ్ళి బాగుచేయిద్దామంటే అక్కడ కూర్చునేది మగవాళ్ళే. ఫొటోలు తిరిగొస్తే అవి ముందు వాళ్ళే చూస్తారు. ఆ పెళ్ళికూతురికి ఫోన్ చేసి పోయాయని చెప్పాను. ఆ అమ్మాయి ఏడ్చింది. తిట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

అప్పుడే మా మరిది స్టోరేజి సర్వర్ అనే నల్ల డబ్బా ఒకటి తెచ్చాడు. రెండు టిఫిన్ బాక్సులు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. లోపల రెండు డిస్కులు. ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా రాసుకుంటుంది కాబట్టి ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరవొచ్చు. నాకు భయం పుట్టింది ఆ చివరి మాటకే.

మేం ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటాం. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

"ఏ కంప్యూటర్ నుంచైనా అంటే నీ దాంట్లోంచి కూడానా?" అని అడిగాను.

"ఉండేది ముగ్గురం. మనలో మనకి తాళాలేంది భాభీ? నేను చూస్తానా ఏంది?"

"నువ్వు చూడవని నాకు తెలుసు. చూడలేవని నేను వాళ్ళకి చెప్పగలగాలి."

వాడు కాసేపు తల గోక్కున్నాడు. మంచివాడు, కాకపోతే నోట్లో నిజం దాగదు. "తాళం వేసినా లాభం లేదు భాభీ. అడ్మిన్ నేనేగా. కావాలంటే నాకు నేనే పర్మిషన్ ఇచ్చుకోగలను," అన్నాడు.

"అయితే అడ్మిన్ నేను," అన్నాను.

కొత్త బండి తాళాలు ఇచ్చినట్టు ముఖం పెట్టి పాస్‌వర్డ్ రాసిచ్చాడు. ఆ వారమంతా వంట ఒక కంటితో, ఫోన్లో వీడియోలు ఒక కంటితో చూశాను. నేను చదివింది ఇంటర్. కంప్యూటర్ నేర్చుకుంది పెళ్ళయ్యాక, ఇన్‌స్టిట్యూట్లో నాకంటే పదేళ్ళు చిన్న పిల్లల పక్కన కూర్చుని. అర్థం కానిది అర్థమయ్యేదాకా వదలను. ఇది నా గుణమని నేను అంటాను, మొండితనమని మా అత్తగారు అనేది.

తీరా చూస్తే అది పెద్ద విద్య కాదు. సర్వర్‌లో ఫోల్డర్లు పెట్టుకోవాలి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఇవ్వాలి. ప్రతి ఫోల్డర్‌కీ ఆ పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి, పేరుకి ఎదురుగా మూడు గళ్ళు ఉంటాయి. చూడొచ్చు, మార్చొచ్చు అనేది ఒకటి. చూడొచ్చు గానీ చెయ్యి పెట్టకూడదనేది ఒకటి. అసలు రానే కూడదనేది మూడోది. ఇది చూసి నాకు నవ్వొచ్చింది. ఈ లెక్కన పరదా ఎలా కట్టాలో చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిందే. మగవాళ్ళ వైపు ఫోల్డర్‌లోకి ముగ్గురం రావొచ్చు. ఆడవాళ్ళ వైపు ఫోల్డర్‌కి నా పేరు ఎదుట మొదటి గడి, మిగతా ఇద్దరి ఎదుట మూడోది.

అంతటితో ఊరుకోలేదు. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని తెరిచి చూశాను, ప్రవేశం లేదంది. మరిది లాప్‌టాప్‌లో చూశాను, లేదంది. వాళ్ళిద్దరి ఫోన్లలోనూ చూశాను. ఇంట్లో ఉన్న మనుషులందరినీ బయట నిలబెట్టానని తేల్చుకున్నాక మిగిలిన డిస్కుల్లో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించి, బీరువా తాళం నడుము నుంచి తీసి మేకుకు తగిలించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా వెనక వీధిలో నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఒకామె ఉంది. యాభై దాటాయి. భర్త పోయి ఆరేళ్ళు. బట్టలు కుట్టి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ పిల్లకి రాజుపాలెం సంబంధం కుదిరింది. గోరింటాకు రోజు ఆడవాళ్ళంతా ధోలక్ పెట్టుకుని పాటలు పాడుతుంటే ఎవరో ఆపాను చెయ్యి పట్టుకుని లేపారు. ముందు విదిలించుకుంది. తర్వాత జుట్టు విడిపోయిన సంగతి కూడా చూసుకోకుండా ఆడింది. నేను కెమెరా దించలేదు. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఫొటోలు చూపించిన రోజు ఆ ఒక్కదాని దగ్గర ఆగిపోయింది. తీసేయమంటావా ఆపా అని అడిగాను.

"తీసెయ్యొద్దు," అంది. "నేను ఇట్టా నవ్వి ఎన్నేళ్ళయిందో. అప్పుడప్పుడూ చూసుకుంటా. కానీ ఇంకెవరి కంటా పడకూడదు. మొగుడు పోయిన మనిషి, కూతురి పెళ్ళిలో గెంతింది అంటారే జనం."

"నా జబాన్ ఆపా," అన్నాను. అంటే మాటిచ్చానని. మా వాళ్ళలో ఆ మాట అన్నాక కాగితం, సంతకం అడగరు.

పెళ్ళయిన పది రోజులకి, శుక్రవారం నమాజు తర్వాత, మగవాళ్ళ వైపు ఆల్బంలోకి ఫొటోలు ఎంచుకోడానికి మా ఇంటికి ముగ్గురు వచ్చారు. ఆపా వాళ్ళ అన్న, పెళ్ళికొడుకు తండ్రి, ఆయన అల్లుడు. ఆపా అన్న పెద్దమనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ. ముందు గదిలో కూర్చోబెట్టాం. కంప్యూటర్ ముందు నలుగురు వంగి చూడ్డం ఇబ్బందని మా మరిది టీవీ పెట్టాడు. సర్వర్ నుంచి ఫొటోలు నేరుగా టీవీలోకి వస్తాయి. నేను తలమీద దుపట్టా సర్దుకుని టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

టీవీ తెరుచుకోగానే మగవాళ్ళ వైపు ఫోల్డర్ రాలేదు. 'కొత్తగా చేరినవి' అని పైన ఒక వరస వచ్చింది. చిన్న చిన్న బొమ్మలు ఆరు. మూడోది ఆపాది. జుట్టు విడిపోయి, చేతులు పైకెత్తి, నవ్వుతూ.

నా కాళ్ళు ఎలా కదిలాయో తెలియదు. పళ్ళెం ఎక్కడ పెట్టానో తెలియదు. గోడ దగ్గరకి పోయి టీవీ ప్లగ్గు పీకేశాను. తెర నల్లబడింది. నలుగురు మగవాళ్ళు నా వైపు చూశారు.

"కరెంటు పోయింది," అన్నాను. ప్లగ్గు నా చేతిలోనే ఉంది.

వాళ్ళ నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. గదిలో ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆపా అన్న తలెత్తి ఆ ఫ్యాను వంక తీరిగ్గా చూశాడు. తర్వాత తల దించి, "అవునమ్మా, కరెంటు పోయింది. ఇంకోరోజు చూసుకుందాంలే," అని లేచాడు. పెళ్ళికొడుకు తండ్రి కూడా ఒకసారి ఫ్యాను వైపు చూసి, టీ తాగి లేచాడు.

వాళ్ళు వెళ్ళాక సిగ్గుతో, కోపంతో మరిది మీద అరిచాను. వాడు పాపం బిత్తరపోయాడు. డబ్బా కొన్న మొదటిరోజే టీవీలో ఫొటోలు చూపించే సదుపాయానికి టిక్కు పెట్టాడట, పెట్టిన సంగతి కూడా మర్చిపోయాడు. రెండు రోజులు సర్వర్ ముందు కూర్చుని విషయం తవ్వి తీశాను. ఆ సదుపాయానికి మన పేర్లతో, పాస్‌వర్డ్‌లతో పనిలేదు. దానికి సర్వర్ తన సొంత అధికారం ఇస్తుంది. ఏ ఫోల్డర్లో ఫొటో ఉన్నా వెతికి పట్టుకుని టీవీకి చూపిస్తుంది. నేను మనుషులందరినీ పరదా అవతల నిలబెట్టాను గానీ, ముందు గదిలో మగవాళ్ళ మధ్య గోడకి వేలాడే టీవీ నాకు గుర్తే రాలేదు. అది మనిషి కాదుగా. కంచె వేశాననుకున్నాను, కంచే చేను మేసింది.

ఆ టిక్కు తీసేశాను. అది దాచుకున్న చిన్న బొమ్మలన్నీ చెరిపేశాను. టీవీలో మళ్ళీ వెతికి, ఒక్కటీ లేదని మూడుసార్లు చూసుకున్నాను. టీవీ పీడ వదిలింది గానీ, నేనిచ్చిన మాటకి పడ్డ చిల్లు అలాగే ఉంది.

"ఆపాకి చెప్పాలి," అన్నాను ఆదివారం అన్నాల దగ్గర.

మా ఆయన ముద్ద కలపడం ఆపాడు. "ఎందుకు? ఆ పెద్దాయన కరెంటు పోయిందన్నాడు. అక్కడితో అయిపోయింది. తేనెతుట్టె నువ్వే కదుపుతానంటావేంది? ఒక్కరికి చెప్తే ఊరంతా పాకిద్ది. రేపు ఆడవాళ్ళ వైపు ఎవరన్నా నిన్ను పిలుస్తారా?"

"పిలవకపోతే పోనీ."

"పోనీ అనేదానివి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

ఆయన చెప్పింది తప్పు కాదు. పన్నెండేళ్ళ కష్టం ఒక్క మాటతో పోతుంది. కానీ చెప్పకపోతే ఆ తర్వాత ఏ పెళ్ళింట్లోనైనా నా జబాన్ అని ఎలా అనాలి? అన్న ప్రతిసారీ ఆ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకు వినపడుతుంది. నాకు భయమేసింది, ఒప్పుకుంటాను. సోమవారం పొద్దున బురఖా వేసుకుని బయల్దేరేటప్పుడు మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు గానీ, వద్దని మాత్రం అనలేదు.

ఆపా మిషన్ మీద ఉంది. మోటారు మిషన్, జాకెట్టు కుడుతోంది. నన్ను చూసి తల ఊపింది. కుట్టడం ఆపలేదు. నేను నిలబడే చెప్పాను. డబ్బా సంగతి, టీవీ సంగతి, ఆరు బొమ్మల్లో మూడోది ఎవరిదో, గదిలో ఎవరెవరున్నారో అంతా చెప్పాను. తప్పు మరిదిది అనలేదు. అడ్మిన్ నేనే.

మోటారు ఆగింది.

"ఎవరు చూశారంట?"

"తెలియదు ఆపా. ఒక్క క్షణమే ఉంది. చూశారో లేదో ఎవరూ చెప్పలేదు. చూడలేదని నేను అబద్ధం చెప్పలేను."

ఆమె కళ్ళు నిండాయి. కొంగుతో కాదు, కుడుతున్న గుడ్డతోనే తుడుచుకుంది. "ఆ వియ్యంకుడి ఇంట్లో నా కూతురు కాపురం చెయ్యాలే," అంది. ఆ ఒక్క మాటకే నేను చచ్చిపోయినంత పనైంది. నేలమీద కూలబడ్డాను.

తర్వాత ఆమే అంది. "శుక్రవారం మా అన్న వచ్చి, ఫొటోల కాడ కరెంటు పోయిందని చెప్పాడు. మీ ఇంటికీ మా ఇంటికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఆ మధ్యాహ్నమంతా నా మోటారు ఆగలా."

నేను తలెత్తి చూశాను.

"మా అన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పాడంటే, కప్పాల్సింది ఏదో ఉందన్నమాట. నేనేం అడగలా. నువ్వొస్తావా రావా అని చూస్తా కూర్చున్నా. ఈ రోజు కూడా రాకపోతే, రేపొచ్చి నా కూతురి పెళ్ళి మొత్తం చెరిపించుకుని పోదామనుకున్నా. ఇంక నీ మొహం చూడకూడదనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నీళ్ళిచ్చింది. తాగి, రెండు రోజులుగా మనసులో నలుగుతున్నది బయటపెట్టాను. ఆ సర్వర్‌లో ఇంకోరకం ఫోల్డర్ ఉంది. చేసేటప్పుడే తాళం మాట అడుగుతుంది. ఆ మాట లేకపోతే టీవీకి కాదు, అడ్మిన్‌కి కూడా తెరుచుకోదు. ఆ మాట ఆపాయే పెట్టాలి, నాకు చెప్పకూడదు.

"నేను మర్చిపోతే?"

"నేను కూడా తెరవలేను. ఎవరూ తెరవలేరు. ఆ నవ్వు అందులోనే ఉండిపోయిద్ది."

"మర్చిపోనిదే పెడతాలే," అంది.

మంగళవారం పొద్దున వచ్చింది. మా ఆయన, మరిది ముందు గదిలోంచి లేచి వీధిలోకి వెళ్ళారు. నా గదిలో కంప్యూటర్ ముందు ఆపాను కూర్చోబెట్టి, కొత్త ఫోల్డర్ తెరిచి, తాళం మాట అడిగే గడి చూపించాను. ఏడో తరగతి దాకా చదువుకుంది, ఇంగ్లీషు అక్షరాలు తెలుసు. నేను గోడ వైపు తిరిగి క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో నొక్కుతోంది. లెక్కపెట్టకూడదనుకున్నాను, కానీ చెవులకి పర్మిషన్ తీసేయలేం. నాకు నేనే ఏదో పాట గొణుక్కుంటూ ఆ చప్పుడు వినపడకుండా చేసుకున్నాను. రెండోసారి కూడా అదే మాట కొట్టాలి. మొదటిసారి కలవలేదు. మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. ఈసారి కలిసింది.

ఫొటోలు పాత ఫోల్డర్ నుంచి కొత్తదానిలోకి ఎక్కడానికి గంట పట్టింది. అంతసేపూ ఇద్దరం అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాం. అయ్యాక ఆమె ఎదుటే పాతవన్నీ చెరిపి, సర్వర్‌లో చెత్తబుట్ట ఉంటే అదీ ఖాళీ చేశాను. కొత్త ఫోల్డర్ మూసేశాను.

"ఇప్పుడు నువ్వు తెరువు," అంది ఆపా.

తెరవబోయాను. తాళం మాట అడిగింది. నేను తీసిన ఫొటోలు, రాత్రింబవళ్ళు కూర్చుని నేను సరిచేసిన ఫొటోలు. నా పాస్‌వర్డ్ కొట్టాను, తెరుచుకోలేదు. అడ్మిన్‌ది కొట్టాను, తెరుచుకోలేదు. ఎక్కడో కాస్త గుచ్చుకుంది, లేదనను. ఆల్బంలో ఒక్క పేజీ మార్చాలన్నా ఇక ఈమె తలుపు తట్టాలి. మరిదిని పిలిచి నువ్వు కూడా చూడమన్నాను. గుమ్మంలోంచే లాప్‌టాప్ పట్టుకుని నాలుగు రకాలుగా ప్రయత్నించాడు. "నావల్ల కాదు భాభీ," అన్నాడు. ఓడిపోయినందుకు వాడి ముఖం వెలిగిపోవడం అదే మొదటిసారి చూశాను. ఆ తర్వాత ఒప్పుకున్న ప్రతి పెళ్ళికీ పెళ్ళికూతురి తల్లిని ఇలాగే కూర్చోబెట్టి తాళం మాట పెట్టిస్తున్నాను. ఎందుకని అడిగితే ఆ శుక్రవారం సంగతి, పేరు చెప్పకుండా, దాచకుండా చెబుతాను. వద్దని వెనక్కి వెళ్ళినవాళ్ళు ఇద్దరున్నారు. వెళ్ళనీ.

ఆ మంగళవారం వెళ్ళబోతూ ఆపా బురఖా వేసుకుని ముందు గదిలోకి వచ్చి ఆగింది. నల్లగా ఉన్న టీవీ వైపు చూడలేదు. తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను వంక వాళ్ళ అన్నలాగే తీరిగ్గా చూసింది.

"మా అన్నకి చెప్తాలే," అంది, "మీ ఇంట్లో కరెంటు వచ్చిందని."